గడ్డిని కరిగించడం సులువే, కడగడమే కష్టం

కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు సీసాలో వేసి కాసేపు కదిపితే మూడూ కరిగి ద్రవమైపోతాయి. చుక్క నీరు పోయక్కర్లేదు, వేడి పెట్టక్కర్లేదు. అమృతధార పేరుతో ఇళ్లలో వాడే ఈ మందుకీ, వరిగడ్డి నుంచి లిగ్నిన్‌ను, అంటే గడ్డి పీచును జిగురులా పట్టి ఉంచే పదార్థాన్ని, తీసే కొత్త ద్రావణులకీ (కరిగించే ద్రవాలకీ) సూత్రం ఒకటే. రెండు పదార్థాల అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే, దేనికది విడిగా గడ్డకట్టే వీలుండదు. 302 డిగ్రీల దగ్గర కరిగే కోలీన్ క్లోరైడ్ అనే లవణానికి 133 డిగ్రీల దగ్గర కరిగే యూరియాను 1:2 మోల్ నిష్పత్తిలో (బరువు లెక్కన కాదు, అణువుల లెక్కన ఒకటికి రెండు) కలిపితే, ఆ మిశ్రమం 12 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. ఈ సంగతిని ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ అబాట్ బృందం 2003లో ప్రకటించింది. వీటికి డీప్ యుటెక్టిక్ ద్రావణులని పేరు.

గడ్డి విషయంలో యూరియా జోడీ పెద్దగా పనిచేయదు. లిగ్నిన్ ముక్కలను కలిపి ఉంచే ఈథర్ బంధాలు తెగాలంటే ఆమ్లం కావాలి. అందుకే యూరియా బదులు లాక్టిక్ ఆమ్లం వాడతారు.

140 గ్రాముల కోలీన్ క్లోరైడ్‌కి బజార్లో దొరికే 88 శాతం లాక్టిక్ ఆమ్లం 205 గ్రాములు పోసి, 70 డిగ్రీల దగ్గర తేటపడేదాకా కలపాలి. కోళ్ల దాణాలో కలిపే కోలీన్ క్లోరైడ్ చవకే గానీ ఇక్కడ పనికిరాదు. అందులో 60 శాతమే అసలు సరుకు, మిగతాది మొక్కజొన్న కండె పొడో సిలికానో. శుద్ధమైనది కొన్నా మూత తెరిచి ఉంచితే గాలిలోని తేమ లాగేసి ముద్దవుతుంది. అలా తూచితే నిష్పత్తి తప్పుతుంది, ముందే ఆరబెట్టుకోవాలి.

ఎండిన గడ్డిని మిల్లీమీటరు పొడిగా చేసి, ఈ 345 గ్రాముల ద్రవంలో 20 గ్రాములు వేసి, 120 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు తిప్పుతూ ఉంచాలి. ద్రవం కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. తొందరపడి 150 దాటిస్తే తెగిన లిగ్నిన్ ముక్కలు మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని, దేనికీ లొంగని నల్లటి పొడిగా మారతాయి. ఇక పాత్ర సంగతి: వేడి ఆమ్లంలో క్లోరైడ్ ఉంటే మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు గుంటలు పడతాయి. గాజు పూత ఉన్న పాత్రే మేలు.

ఎక్కువమంది దెబ్బతినేది కడుగుడు దగ్గర. ఉడికిన గడ్డి మీద నేరుగా నీళ్లు పోస్తే కరిగిన లిగ్నిన్ అక్కడికక్కడే విరిగి, మళ్లీ సెల్యులోజ్ (గడ్డిలోని పీచు) మీదే పేరుకుంటుంది. మొదట వేడి ఇథనాల్–నీటి మిశ్రమంతో, కారే ద్రవం రంగు పోయేదాకా కడగాలి. పీచు వడపోత గుడ్డలో మిగులుతుంది. కిందికి దిగినదాంట్లోంచి ఇథనాల్‌ను ఆవిరి చేసి తీసేశాక, అప్పుడు పోయాలి నీళ్లు, ద్రావణికి నాలుగైదు రెట్లు. ఒక రాత్రి వదిలితే గోధుమరంగు లిగ్నిన్ అడుక్కి చేరుతుంది.

గడ్డిలోని సిలికా ఆమ్లంలో కరగదు, పీచుతోనే ఉండిపోతుంది. నానోసెల్యులోజ్ (అతి సన్నని సెల్యులోజ్ పోగులు) చేయాలంటే దాన్ని విడిగా తీయాలి. అయినా ఒక రకంగా ఇది నయమే. కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సిలికా కరిగి, తర్వాత ఆ ద్రవంలోని నీటిని ఆవిరి చేసే యంత్రాల గొట్టాలకు పొరకడుతుంది. గడ్డితో కాగితం చేసే మిల్లులకు అది పాత తలనొప్పి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ద్రావణిని మళ్లీ వాడాలంటే పోసిన నీరంతా పోవాలి. రెండు లీటర్ల నీటిని ఆవిరి చేయడానికి సుమారు 4,500 కిలోజౌళ్లు కావాలి. ఆ 20 గ్రాముల గడ్డిని మొత్తం తగలబెట్టినా వచ్చేది 300 కిలోజౌళ్లే. పైగా ప్రతి వాడకానికీ గడ్డిలోంచి వచ్చే చక్కెరలు, అవి మారి పుట్టే ఫర్‌ఫ్యూరల్ ద్రావణిలో పేరుకుంటాయి. లాక్టిక్ ఆమ్లం తనతో తానూ, కోలీన్‌తోనూ కలిసి ఎస్టర్లనే వేరే పదార్థాలవుతుంది. రంగు ముదిరేకొద్దీ పదును తగ్గుతుంది. కోలీన్ క్లోరైడ్ కూడా ఇథిలీన్ ఆక్సైడ్ నుంచి, అంటే పెట్రోలియం నుంచే, తయారవుతుంది. ‘హరిత’ అనే ముద్ర వేసే ముందు ఇవన్నీ కలిపి చూడాలి.

అందుకే ఈ పనిలో నలిగినవాళ్లు ఎంత శాతం లిగ్నిన్ వచ్చిందని మొదట అడగరు. ఎన్ని లీటర్ల నీళ్లు పోశావని అడుగుతారు. గడ్డికి ద్రావణి 17 రెట్ల నుంచి ఆరేడు రెట్లకు దించితే తర్వాత పోసే నీళ్లూ అంతగా తగ్గుతాయి. కానీ అప్పుడు మిశ్రమం అట్లపిండి కన్నా చిక్కనై గరిటెకు తిరగదు. కాబట్టి గడ్డిని ఇంకా మెత్తగా కొట్టాలి, కలిపే యంత్రాన్ని పిండి కలిపే రకానికి మార్చాలి.