ప్రక్రియను వివరించే వ్యాసం: అపోహలు - వాస్తవాలు

ఏదైనా ఎలా జరుగుతుందో వివరించే వ్యాసం రాసేటప్పుడు కొన్ని అపోహలు అడ్డొస్తాయి. ఉదాహరణకు ఒకే ప్రశ్న తీసుకుందాం: పాలు పెరుగుగా ఎలా మారతాయి?

అపోహ: జరిగేవన్నీ వరుసగా రాస్తే చాలు.

వాస్తవం: 'పాలు కాస్తారు, తర్వాత చల్లారుస్తారు, తర్వాత తోడు వేస్తారు, ఉదయానికి పెరుగవుతుంది.' వరుస సరిగ్గానే ఉంది. పాలు ఎందుకు గడ్డకట్టాయో మాత్రం లేదు. అసలు ప్రశ్న అదే కదా! ఇలా రాసి చూడండి: తోడులోని బ్యాక్టీరియా పాలలోని లాక్టోస్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. దాంతో సుమారు 6.7 ఉన్న పాల పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) దిగుతూ వస్తుంది. అది 4.6ను సమీపించేసరికి, అప్పటిదాకా విడివిడిగా తేలిన కేసీన్ అనే ప్రొటీన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి. నీళ్లు, కొవ్వు అందులో చిక్కుకుంటాయి. అదే గడ్డ పెరుగు.

చిత్తుప్రతిలో 'తర్వాత' అని రాసిన ప్రతిచోటా 'అందువల్ల' పెట్టి చదవండి. అతకకపోతే అక్కడ కారణమేదైనా జారిపోయిందేమో వెతకండి.

అపోహ: ఎలా చేయాలో చెప్పినా, ఎలా జరుగుతుందో చెప్పినా ఒకటే.

వాస్తవం: 'గోరువెచ్చటి పాలలో చెంచాడు తోడు కలపండి' అన్నది చేసేవాళ్లకు. 'సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర బ్యాక్టీరియా చురుగ్గా పెరుగుతుంది' అన్నది తెలుసుకోవాలనుకునేవాళ్లకు. వాక్యాల చివర 'వేయాలి', 'కలపండి' వరుసగా వస్తున్నాయంటే వ్యాసం వంట విధానంలోకి జారుతున్నట్టే.

అపోహ: 'చేయబడుతుంది' అంటేనే శాస్త్రీయంగా ఉంటుంది.

వాస్తవం: 'ఆమ్లం ఉత్పత్తి చేయబడుతుంది' అంటే, చేసేదెవరో మాయమైపోతుంది. బ్యాక్టీరియాను కర్తగా నిలబెట్టండి.

అపోహ: తేడా కొట్టే సందర్భాలు చివర్లో ఒక పేరాలో పెట్టాలి.

వాస్తవం: ఏ దశలో చెడుతుందో అక్కడే చెప్పాలి, ఎందుకంటే మీరు చెప్పిన కారణానికి గట్టి రుజువు అదే. పాలు మరీ వేడిగా ఉండగా తోడు వేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పెరుగు తోడుకోదు. చలికాలంలో దాని పెరుగుదల మందగిస్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది. గడ్డకడుతున్నప్పుడు గిన్నె కదిలిస్తే కేసీన్ వల తెగి నీరు ఊరుతుంది. ఈ మూడూ మూడు వేర్వేరు దశలవి. ఒకచోట కుప్పపోస్తే ఏది దేనివల్లో చదివేవాళ్లకు అంతుపట్టదు.

అపోహ: మొదట్నుంచీ చెబితేనే సమగ్రం.

వాస్తవం: పాడి పశువు దగ్గర మొదలుపెట్టక్కర్లేదు. ఈ ప్రశ్నకు ఆరంభం తోడు వేయడం, అంతం పెరుగు గడ్డకట్టడం. ఆ పైన పులవడం వేరే ప్రశ్న.