ప్రశ్న అడిగాక ఒక్క సెకను

"ఉన్నత స్థాయి ఆలోచన మీద ఎన్ని ట్రైనింగులకు పంపారో లెక్కలేదు. పిరమిడ్ బొమ్మ కళ్ళు మూసుకుని గీస్తాను. విశ్లేషించండి, పోల్చండి, సమర్థించండి అంటూ క్రియల పట్టిక టేబుల్ మీదే ఉంటుంది. ప్రశ్నపత్రం మారింది గానీ పిల్లల జవాబులు మారలేదు. లోపం ఎక్కడుందంటారు?" సైన్సు పాఠాలు చెప్పే ఒక టీచరుగారు అడిగిన ప్రశ్న ఇది.

ముందు ఆ పిరమిడ్ సంగతి తేల్చేద్దాం. బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో చదువు లక్ష్యాలను స్థాయిలవారీగా విడదీసే ఈ వర్గీకరణ ప్రకటించినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది ముఖ్యంగా పరీక్షలు తయారుచేసేవాళ్ళు. 2001లో దాన్ని సవరించి, గుర్తుంచుకోవడం దగ్గర మొదలుపెట్టి సృజించడం దాకా ఆరు మెట్లు కట్టారు. పిరమిడ్ ఆకారం మాత్రం తర్వాతివాళ్ళు తొడిగింది. క్రియల పట్టికతో చిక్కేమిటంటే, ప్రశ్న స్థాయి క్రియలో ఉండదు. "లోహాలు వేడికి ఎందుకు వ్యాకోచిస్తాయో విశ్లేషించండి" అన్నదానికి జవాబు నిన్ననే నోట్సు చెప్పి ఉంటే అది విశ్లేషణ కాదు, శుద్ధ బట్టీ. "వీటిలో ఏది వేరుగా ఉంది?" అన్న అమాయకపు ప్రశ్న, పిల్లవాడు ఎన్నడూ చూడని వస్తువుల గురించి అడిగితే, వాడి బుర్రకి గంటసేపు పని పెడుతుంది. ప్రశ్న ఎంత లోతైనదో వాడికి అప్పటికే ఏం తెలుసన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏ పట్టికా ఆ సంగతి చెప్పలేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కొలత దగ్గరికి వస్తాను.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు సైన్సు క్లాసులను టేపుల్లో రికార్డు చేయించి, అందులో మాటలను వదిలేసి, మాటల మధ్య ఖాళీలను కొలిచారు. 1970లలో అచ్చయిన ఆవిడ లెక్కల ప్రకారం, టీచరు ప్రశ్న అడిగాక పిల్లల కోసం ఆగే సమయం సగటున ఒక్క సెకను. ఈలోగా ఎవరూ నోరు విప్పకపోతే టీచరు ప్రశ్నను తిరగేసి అడుగుతారు, ఇంకొకరిని లేపుతారు, లేదా జవాబు తామే చెప్పేస్తారు. పిల్లవాడు ఏదో ఒకటి చెప్పాక, దానిమీద టీచరు మాట్లాడటానికి పట్టే సమయం అంతకన్నా తక్కువ: 0.9 సెకను. అంటే ఖాళీలు రెండున్నాయి. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఒకటి, జవాబుకీ టీచరు మాటకీ మధ్య ఇంకొకటి.

ఈ రెండింటినీ మూడు సెకన్లకు పెంచితే జరిగిందేమిటో చూడండి. పిల్లల జవాబుల పొడవు మూడు నుంచి ఏడు రెట్ల దాకా పెరిగింది. "తెలీదు"లు, మౌనాలు తగ్గాయి. "బహుశా ఇలా అయ్యుండొచ్చు" అనే ఊహలు, వాటికి వాళ్ళే ఇచ్చుకునే ఆధారాలు పెరిగాయి. పిల్లలు ఒకరి జవాబు మీద ఒకరు మాట్లాడటం మొదలైంది. టీచర్ల ప్రశ్నలు తగ్గి, ఉన్నవి రకరకాలుగా మారాయి. కొత్త పుస్తకం, కొత్త సిలబస్ ఏవీ లేవు. తేడా అల్లా రెండు సెకన్లు!

రెండు సెకన్లు ఆగడం అంత కష్టమా? చాలా కష్టం. దానికి కారణం టీచర్ల అసహనం కాదు, మనుషులు మాట్లాడుకునే పద్ధతిలోనే ఉంది. 2009లో పది భాషల్లో మాటామంతీ కొలిచి చూస్తే, ఒకరు ప్రశ్న ముగించాక ఇంకొకరు జవాబు అందుకునే వ్యవధి సగటున 200 మిల్లీసెకన్ల చుట్టూ తేలింది. భాషకీ భాషకీ తేడా ఉంది గానీ అది సెకనులో చిన్న భాగమే. ఇందులో వింత ఏమిటంటే, తెలిసిన వస్తువు బొమ్మ చూపించి పేరు చెప్పమన్నా నోట మాట వచ్చేసరికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. బొమ్మను గుర్తుపట్టాలి, అర్థం వెతకాలి, పదం ఎంచాలి, దాని ధ్వనులను వరసలో పేర్చాలి, నాలుకకూ పెదవులకూ ఆదేశాలు వెళ్ళాలి. ఒక్క పదానికే అంత పడితే 200లో జవాబెలా వస్తుంది? ఎదుటివాళ్ళ వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే పసిగట్టి, వాళ్ళింకా మాట్లాడుతుండగానే జవాబు సిద్ధం చేసుకోవడం వల్ల! సంభాషణల మీద పనిచేసిన గెయిల్ జెఫర్సన్ 1989లో ఇంకో సంగతి గమనించారు. మాటల మధ్య నిశ్శబ్దం సెకను దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు దాన్ని పూడ్చేస్తారు. అంతకు మించి సాగితే ఏదో తేడా వచ్చిందని అర్థం.

రో టేపుల్లోని సెకనూ, జెఫర్సన్ చెప్పిన సెకనూ ఒకటేనని నా నమ్మకం. అది టీచరు చేతగానితనం కాదు. జీవితమంతా పాటించిన మర్యాద క్లాసులోకి కూడా వచ్చేసింది, అంతే. కానీ ఆలోచన ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోవడం కుదరదు. ప్రశ్నను మనసులో నిలుపుకోవాలి. ఒకసారికి మూడో నాలుగో విషయాలకు మించి పట్టని వర్కింగ్ మెమరీలోకి, అంటే అప్పటికప్పుడు వాడుకునే జ్ఞాపకంలోకి, పాత సంగతులను లాక్కురావాలి. మొదట తట్టినదాన్ని అణిచిపెట్టి రెండోదాన్ని పరీక్షించాలి. వాక్యం కట్టాలి. నలుగురిలో తప్పయితే నవ్వుతారేమోనన్న భయాన్ని దాటాలి. ఇదంతా సెకనులో అయ్యే పని కాదు.

బావిలో బొక్కెన వేసినట్టు అనుకోండి. రాజధాని పేరు, సూత్రం, తేదీ లాంటివి పైనే ఉన్న నీళ్ళు, వంగితే అందుతాయి. "ఎందుకు" నీళ్ళు అడుగున ఉంటాయి, చేంతాడు అంత లోతుకీ దిగాలి. సగం దూరం దిగగానే లాగేస్తే బొక్కెన ఖాళీగా వస్తుంది. ఒట్టి బొక్కెన చూసి టీచరు "ఈ బావిలో నీళ్ళు లేవు" అని తేల్చేస్తారు. పైగా బొక్కెన నీళ్ళను తాకగానే నిండదు, పక్కకు ఒరగాలి, మునగాలి. రెండో ఖాళీ అందుకే. పిల్లవాడి మొదటి మాట బొక్కెన నీటిని తాకిన చప్పుడు, అప్పుడే లాగితే అడుగున నాలుగు చుక్కలే వస్తాయి. మధ్యలో "ఆలోచించు, బాగా ఆలోచించు" అనడం చేంతాడు కుదపడమే. ఇంకో రకం టీచర్లున్నారు, పాపం మంచివాళ్ళే: ఖాళీ బొక్కెన చూసి జాలిపడి తమ బిందెలో నీళ్ళు అందులో పోసేస్తారు. నాలుగుసార్లు అలా జరిగాక ఏ పిల్లవాడైనా తాడు దింపుతాడా?

ఈ పోసేయడానికి మంచి సాక్ష్యం ఉంది. ఏడు దేశాల్లో ఎనిమిదో తరగతి లెక్కల క్లాసులను వీడియో తీసి పోల్చిన 1999 నాటి టిమ్స్ అధ్యయనంలో, అమెరికా టీచర్లు ఇచ్చిన లెక్కల్లో 17 శాతం భావాల మధ్య సంబంధాలు వెతకాల్సినవి. క్లాసులో నిజంగా అలాగే సాగినవి దాదాపు సున్నా. వాటిలో చాలామటుకు టీచరు చేతిలో "ఇది ఇక్కడ పెట్టండి, దాంతో గుణించండి"గా మారిపోయాయి. ప్రశ్న ఉన్నత స్థాయిదే, అది క్లాసులో బతికింది మాత్రం కాసేపే. క్రియల పట్టికతో క్లాసు మారకపోవడానికి ఇంతకన్నా సూటి కారణం నాకు కనబడదు.

ఒక ఉదాహరణ. "పైకి విసిరిన బంతి చిట్టచివర ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో దానిమీద బలం ఉందా?" అని అడిగారు.

"లేదు సార్."

"తప్పు. గురుత్వాకర్షణ ఉంటుంది. రాసుకోండి."

ఇప్పుడు ఆ "తప్పు" దగ్గర మూడు సెకన్లు పెట్టండి.

"లేదు సార్... ఆగింది కదా... కానీ బలం లేకపోతే మళ్ళీ కిందికెందుకు వస్తుంది? అక్కడే ఉండిపోవాలి కదా!"

వేగం సున్నా అయితే బలమూ సున్నా అనుకోవడం పెద్ద చదువులు చదివినవాళ్ళలోనూ పాతుకుపోయిన పొరపాటు. నోట్సుతో అది పోదు. తన మాట తనకే పొసగలేదని పిల్లవాడు వినడానికి కాస్త వ్యవధి కావాలి. ఇక్కడ "గుడ్" కూడా అడ్డమే. రో టేపుల్లో టీచర్ల మెచ్చుకోళ్ళు ఎక్కువున్న క్లాసుల్లో పిల్లలు జవాబును కూడా ప్రశ్నలా సాగదీసి చెబుతూ టీచరు ముఖం చూడటం ఎక్కువ. కళ్ళు బంతి మీద ఉండాల్సిన చోట టీచరు కనుబొమల మీద ఉంటాయి.

సరే, ట్రైనింగ్ సంగతి. పైదంతా పవర్‌పాయింట్ మీద చూపించి "కాబట్టి మూడు సెకన్లు ఆగండి" అంటే అందరూ తల ఊపుతారు. మర్నాడు క్లాసులో మళ్ళీ ఒక సెకనే. టీచరయ్యే మనిషి ట్రైనింగుకు రాకముందే విద్యార్థిగా సుమారు 13,000 గంటలు టీచర్లను చూసి ఉంటాడని డాన్ లోర్టీ 1975లో లెక్కగట్టారు. ఆ గంటలన్నిటా ఒంటబట్టిన లయను ఒక పూట ఉపన్యాసం ఏం చేయగలదు? అలవాటును మార్చేది అభ్యాసమే. 1963లో స్టాన్‌ఫోర్డ్‌లో డ్వైట్ ఆలెన్ బృందం మొదలుపెట్టిన మైక్రోటీచింగ్ ఇదే ఆలోచన: నలుగురైదుగురు పిల్లలు, కొద్ది నిమిషాల పాఠం, ఒకే ఒక్క నైపుణ్యం, రికార్డింగ్ చూడటం, మళ్ళీ చెప్పడం. తర్వాత అది చాలాచోట్ల మార్కుల కోసం ఆడే నాటకంగా దిగజారింది, అది వేరే కథ. 2018లో క్రాఫ్ట్, బ్లేజర్, హోగన్ అనే ముగ్గురు 60 అధ్యయనాలను కలిపి చూశారు. క్లాసుకే వచ్చి పక్కనుండి చూసి సరిదిద్దే కోచింగ్ వల్ల బోధన 0.49 ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్, మనుషుల మధ్య తేడాలు ఎంతున్నాయో చెప్పే కొలత) మేర, పిల్లల ఫలితాలు 0.18 మేర మెరుగయ్యాయి. ఆ పద్ధతినే వందలమంది టీచర్లకు విస్తరిస్తే ప్రభావం పలచబడింది.

ట్రైనింగుల్లో చెలామణి అయ్యే మూఢనమ్మకాల గురించి కూడా అనేస్తాను. "చదివితే 10 శాతం, వింటే 20 శాతం, చేస్తే 90 శాతం గుర్తుంటుంది" అనే పట్టికకు పరిశోధన ఆధారం లేదు. దాన్ని ఎడ్గర్ డేల్‌కు అంటగడతారు గానీ, ఆయన 1946లో గీసిన "అనుభవాల శంకువు" బొమ్మలో అసలు అంకెలే లేవు. ఈ పిల్లవాడు చూసి నేర్చేరకం, ఆ పిల్ల విని నేర్చేరకం అనే విభజనకూ సరైన సాక్ష్యం లేదని 2008 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. ఆధారాలు అడగడం నేర్పాల్సిన శిక్షణే ఆధారం లేని అంకెలు పంచుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

మంచి కార్యక్రమాలు లేవని కాదు. ఇంగ్లండ్‌లో 1980లలో మైకేల్ షేయర్, ఫిలిప్ ఎడీ సైన్సు ద్వారా ఆలోచన పెంచే పాఠాలు రూపొందించారు. రెండేళ్ళలో ముప్పై పాఠాలు, టీచర్లకు దీర్ఘకాల శిక్షణ. ఆ పిల్లలు కొన్నేళ్ళ తర్వాత సైన్సు పరీక్షలతో పాటు ఇంగ్లిష్ పరీక్షలోనూ మెరుగ్గా రాశారు. అయితే ఆ పద్ధతినే కొత్తగా పరీక్షించి 2016లో వెలువరించిన నివేదికలో లాభమేదీ కనబడలేదు. పాఠాల కట్టను మాత్రం ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించొచ్చు, టీచరు నేర్పును అందించడం అంత సులువు కాదని నేను అనుకుంటున్నాను.

ఇంకొకటి. "ఇవన్నీ తెలివైన పిల్లలకండీ, మా మొద్దబ్బాయిలకు కాదు" అనేవాళ్ళున్నారు. రో కొలతల్లో, టీచర్లు చురుకైనవాళ్ళనుకున్న పిల్లల కోసం ఎక్కువసేపు, వెనకబడ్డవాళ్ళనుకున్న పిల్లల కోసం తక్కువసేపు ఆగారు. ఎక్కువ వ్యవధి కావాల్సినవాళ్ళకే తక్కువ ఇచ్చారన్నమాట. ఖాళీ పెంచాక ఆ పిల్లలూ మాట్లాడారు, వాళ్ళమీద టీచర్ల అంచనాలూ మారాయి. ఇజ్రాయెల్‌లో అనాత్ జోహార్, యెహుదిత్ డోరి 2003లో ప్రచురించిన అధ్యయనాల్లోనూ తక్కువ మార్కుల పిల్లలు ఆలోచన పాఠాల వల్ల బాగానే లాభపడ్డారు.

కాబట్టి టీచరుగారూ, ఫోన్లో మీ క్లాసు పది నిమిషాలు రికార్డు చేసుకుని స్టాప్‌వాచ్‌తో రెండు ఖాళీలూ కొలవండి. ఏ ఖాళీ ఏ పిల్లవాడికిచ్చారో పక్కన రాయండి. తోటి టీచరు ఎవరైనా కలిసి వింటే ఇంకా మంచిది. ప్రతి ప్రశ్నకూ ఆగక్కర్లేదు. ఎక్కాలు, సూత్రాలు వల్లెవేయించేటప్పుడు చకచకా సాగడమే మేలని ఈ ఖాళీల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 1987లో సమీక్షించిన కెనెత్ టోబిన్ కూడా అన్నారు. పీరియడుకు రెండు ప్రశ్నలు ఎంచుకోండి. వాటికి పిల్లలు చెప్పగల తప్పు జవాబులు ముందే రాసుకుని వెళితే, రెండో ఖాళీ అయ్యాక ఏం అడగాలో తడుముకోవాల్సిన పని ఉండదు.