సీసీ కెమెరాలో దొంగ పడ్డాడు, ముఖం మాత్రం పడలేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి తాళం పగలగొట్టి ఉందని ఒక కస్టమర్ ఫోన్ చేశారు. బోడుప్పల్ వైపు ఇండిపెండెంట్ ఇల్లు, కెమెరాలు పెట్టింది నేనే. వెళ్లి డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే పెట్టె) వెనక్కి తిప్పితే రాత్రి రెండున్నర దాటాక ఒకడు గోడ దూకడం, గేటు దగ్గర కాసేపు నిలబడటం, సొంతిల్లన్నట్టు తాపీగా మెట్లెక్కడం అన్నీ ఉన్నాయి. భుజాన బ్యాగు తెలుస్తోంది, నడక తెలుస్తోంది, ముఖం దగ్గర ఆపి జూమ్ చేస్తే మాత్రం మైదా ముద్ద. "ఇందుకేనా బాబూ నాలుగు కెమెరాలు పెట్టించింది" అని ఆ అంకుల్ అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు. ఆ ఇంట్లో నేను చేసిన తప్పులే కింద రాస్తున్నా, మీ ఇంట్లో కూడా ఇవే ఉండే ఛాన్స్ ఎక్కువ.

అపోహ: మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ముఖం క్లియర్‌గా వస్తుంది

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే, "ఎన్ని ఎంపీ అన్నా?" అని. లెన్స్ ఎంత అని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మామూలుగా ఇళ్లకి వేసేది 2.8 ఎంఎం లెన్స్, అది 100 డిగ్రీల పైనే చూపిస్తుంది, గేటు, కారు, పక్కింటి మామిడి చెట్టు అన్నీ ఒకే ఫ్రేములో వస్తాయి కాబట్టి చూడగానే కస్టమర్ ఖుషీ. కానీ ఉన్న పిక్సెల్స్ అన్నీ ఆ వెడల్పు మొత్తానికి పంచేయాలి కదా. గేటు 25 అడుగుల దూరంలో ఉందనుకోండి, అక్కడ ఫ్రేము వెడల్పు దాదాపు 20 మీటర్లు, 2 ఎంపీ కెమెరాకి అడ్డంగా ఉండేవి 1920 పిక్సెల్స్, అంటే మీటరుకి 100 కూడా రావు, మనిషి ముఖం వెడల్పుకి పడేవి ఓ 15 పిక్సెల్స్, అంటే 15 చుక్కలు. సీసీ కెమెరాలకి ఐఈసీ 62676-4 అని ఒక అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, దాని 2014 ఎడిషన్ చూస్తే, ముఖం చూసి ఫలానా వాడే అని గుర్తుపట్టాలంటే మీటరుకి 250 పిక్సెల్స్ ఉండాలని అందులో లెక్క, ముఖానికి 40 చుక్కల దాకా అన్నమాట.

సరే 4కె, అంటే అడ్డంగా దీనికి రెట్టింపు పిక్సెల్స్ ఉన్నది వేస్తే? అదే లెన్స్‌తో అదే గేటు దగ్గర ముఖానికి 30 లోపే. అదే మామూలు 2 ఎంపీ కెమెరాకి 6 ఎంఎం లెన్స్ పెడితే 40 దగ్గరకి వచ్చేస్తుంది! కాకపోతే గేటు తప్ప ఇంకేం కనపడదు, "ఇంత ఇరుగ్గా ఉందేంటి, పక్కవి కనపడట్లేదు" అని గొడవ. కనపడకూడదు అండీ, దాని పనే అది. చుట్టుపక్కలకి ఒకటి, ముఖానికి ఒకటి విడిగా పెట్టుకోండి, రెండు పనులూ ఒక్కదానితో అయ్యేది గేటుకీ కెమెరాకీ పదడుగులే ఉంటే.

అపోహ: ఎత్తులో పెడితే సేఫ్

కెమెరా సేఫే, దొంగ కూడా సేఫే. 14 అడుగుల పైన శ్లాబు అంచుకి బిగిస్తే వచ్చేది వాడి టోపీ, లేకపోతే నడినెత్తి. ముఖం కోసం పెట్టేది 7, 8 అడుగుల్లోనే ఉండాలి. పగలగొడతాడని భయమా, పగలగొట్టాలంటే దాని ముందుకి రావాలిగా, వచ్చినప్పుడే రికార్డ్ అయిపోతాడు. ఇంకో కిటుకు, గడియ తీసేటప్పుడు ఎవడైనా తల దించే ఉంటాడు, మనిషి రాగానే వెలిగే సెన్సార్ లైట్ ఒకటి పెట్టి కెమెరా దాని పక్కనే బిగించండి, లైట్ పడగానే తల అటు తిరుగుతుంది.

అపోహ: నైట్ విజన్ ఉంది కదా, లైట్లు ఎందుకు

చీకట్లో కెమెరా షట్టర్ సెకనులో 25వ వంతు దాకా తెరిచి ఉంచుతుంది. ఆలోపు మామూలుగా నడిచే మనిషి ఐదారు సెంటీమీటర్లు జరిగిపోతాడు, ముఖం వెడల్పే పదిహేను సెంటీమీటర్లు, ఇక చూస్కోండి, ముగ్గు మీద కాలేసి రాసినట్టు ఉంటుంది. సెట్టింగ్స్‌లో షట్టర్ 1/100కి మారిస్తే సాగడం బాగా తగ్గుతుంది, కానీ అప్పుడు బొమ్మ చీకటి అయిపోతుంది కాబట్టి వెలుతురు కావాలి. గేటు మీద 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రంతా వెలిగినా కరెంటు బిల్లుకి ఏం కాదు. నోరూ వాయీ లేని ఆ బల్బే చాలా కెమెరాల కంటే ఎక్కువ పని చేస్తుంది.

రాత్రి పొగమంచులా తెల్లగా వస్తోందంటే కెమెరా పాడైందని మార్చేయకండి. రాత్రి చూపు కోసం కెమెరాలో ఉండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్ల చుట్టూ పురుగులు తిరుగుతాయి, పురుగుల కోసం సాలీడు వచ్చి లెన్స్ ముందే గూడు కడుతుంది, ఆ దారాల మీద వెలుగు పడి తిరిగి లెన్స్‌లోకే కొడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే అయిపోయేదానికి వేలు తగలేసినవాళ్లని చూశా. పగలు బాగుండి రాత్రి మాత్రం గీతలు రావడం, కెమెరా ఆగి ఆగి ఆన్ అవడం ఉంటే వైరు సన్నదో నాసిదో అయ్యుంటుంది, ఐఆర్ వెలగగానే లోడ్ పెరిగి 12 వోల్టులు అక్కడిదాకా చేరవు.

అపోహ: లైవ్‌లో బాగుందంటే రికార్డింగూ అంతే

ఇది నాకు గట్టిగా తగిలింది. అంకుల్ వాళ్ల డీవీఆర్ పాతది, అందులో 1080 లైట్ (Lite) అని మోడ్ ఉంటుంది, పేరు చూసి ఫుల్ హెచ్‌డీ అనుకుంటాం, అసలు అడ్డంగా 960 పిక్సెల్సే రాస్తుంది. ఆ 15 చుక్కలు కాస్తా ఏడెనిమిది అయ్యాయి. దానికి తోడు హార్డ్ డిస్క్‌లో రోజులు ఎక్కువ రావాలని బిట్‌రేట్, అంటే సెకనుకి రాసే డేటా తగ్గించేస్తారు (నేనూ తగ్గించా, దాచడం ఎందుకు). కెమెరాకి 2 ఎంబీపీఎస్ చొప్పున రాస్తే రోజుకి 21 జీబీ పైన, నాలుగు కెమెరాలకి 1 టీబీలో పదకొండు రోజులు వస్తాయి. నెల రోజులు కావాలంటే పెద్ద డిస్క్ కొనండి, క్వాలిటీ కొయ్యకండి.

అపోహ: పోలీసులు సాఫ్ట్‌వేర్‌తో ముఖం తెప్పిస్తారు

లేని చుక్కలు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఫోన్‌లో ఏఐ యాప్‌తో క్లియర్ చేశానని కొందరు చూపిస్తుంటారు, ముక్కూ కళ్లూ చక్కగా వస్తాయి, కానీ అది యాప్ ఊహించుకున్న ముఖం, పోలికలు పాల ప్యాకెట్ వేసే కుర్రాడివి వచ్చాయంటే పాపం వాడి గతేంటి! వెలుతురు, కాంట్రాస్ట్ సర్దితే కొంత తేలుతుంది, అంతవరకే.

మానిటర్‌ని ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టడం కూడా మానేయండి, ఉన్న క్వాలిటీ కూడా పోతుంది. డీవీఆర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసి ఇవ్వండి. కోర్టుకి వెళ్తే దానికి సర్టిఫికెట్ కావాలి, ఇంతకు ముందు పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బి అనేవాళ్లు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63. ఫైలు హ్యాష్ వాల్యూ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, ఫైలు ఏమాత్రం మార్చినా ఇది మారిపోతుంది) కూడా అందులో రాయాలి, కాబట్టి ఒరిజినల్‌ని కట్ చేసి, పాట పెట్టి ఆగం చేయొద్దు.

బ్యాకప్ తీసే ముందు డీవీఆర్ గడియారం, మీ ఫోన్‌లో టైము రెండూ ఒక ఫ్రేములో వచ్చేలా ఫోటో తీసి పెట్టుకోండి. అంకుల్ వాళ్లింట్లో అది 47 నిమిషాలు వెనక ఉంది, వీధి చివర కెమెరాలో దొంగని వెతకడానికి మేం ముందు చూసింది మొత్తం తప్పు టైమే.