ఇచ్ఛాపురం దగ్గర లారీ ఎంతసేపు ఆగింది? కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాకు ఉత్తరాన చివరి పట్టణం ఇచ్ఛాపురం. దాటితే ఒడిశా. చెన్నై, కోల్‌కతాల మధ్య పదహారో నంబరు హైవే మీద తిరిగే లారీలన్నీ ఇటే పోవాలి. నేను చేసేది ట్రాఫిక్ సర్వే. ఇలాంటి చోట్ల బండ్లు ఎంతసేపు ఆగుతున్నాయో కొలిచే పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో చూడటం నా పనిలో భాగం. దీని గురించి లారీ యజమానుల దగ్గరా, కొత్తగా చేరిన మా కుర్రాళ్ల దగ్గరా తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: జీఎస్టీ వచ్చాక చెక్‌పోస్టులే లేవు, ఇంక ఆగడమేమిటి?

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఎత్తేసింది వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను. గంజాయి కోసం, ఎన్నికలప్పుడు డబ్బూ మద్యం కోసం తనిఖీలు జరుగుతూనే ఉంటాయి. ఒక్క లేన్ మూస్తే చాలు, క్యూ మొదలవుతుంది.

అపోహ: రెండు చోట్ల పరికరాలు పెడితే లెక్క వచ్చేస్తుంది.

ముందు ఏది కొలుస్తున్నామో తేల్చుకోవాలి. కెనడా సరిహద్దు సంస్థ ప్రకటించే వెయిటింగ్ టైమ్ అంటే మొదటి తనిఖీ బూత్‌కు చేరడానికి పట్టే సమయం. బూత్ దాటాక సరుకు విప్పి చూడటానికి పట్టేది అందులోకి రాదు. డ్రైవర్‌కు మాత్రం రెండూ ఒకటే ఆలస్యం. ఈ రెంటినీ కలిపేస్తే ఎంత ఖరీదైన పరికరం పెట్టినా వచ్చే అంకెకు అర్థం ఉండదు.

రెండోది, క్యూ తోక ఒకచోట నిలవదు. ఒక రాత్రి మేం తనిఖీ చోటు దగ్గర ఒక బ్లూటూత్ రీడర్, రెండు కిలోమీటర్లు వెనక ఇంకొకటి పెట్టాం. దాటే బండిలోని బ్లూటూత్ పరికరాన్ని రీడర్ గుర్తుపడుతుంది; అదే పరికరం రెండు చోట్లా కనిపించిన సమయాల తేడాయే మా లెక్క. మా లెక్క గంటా నలభై నిమిషాలు చూపిస్తోంది. అదే మాట ఒక డ్రైవర్‌తో అన్నాను. ఆయన స్టీరింగ్ మీద చెయ్యి తియ్యకుండానే, "ఏటి బాబూ, గంటన్నరా? రాత్రి బువ్వ తిన్న కాడ నుంచీ ఈ లైన్లోనే ఉన్నాను" అన్నాడు. టార్చ్ పట్టుకుని వెనక్కి నడిచాను. మా రెండో రీడర్ దాటి ఇంకా చాలా దూరం లారీలు ఆగి ఉన్నాయి. ఆయన చెప్పిందే నిజం. ఆయన ఆ రెండో రీడర్ దాకా రావడానికి పట్టిన సమయమంతా మా లెక్కలో లేదు. క్యూ ఎంత పెరిగితే మేం అసలు సమయం కంటే అంత తక్కువ చూపిస్తున్నామన్నమాట. ఆ రాత్రి లెక్కను మేం వాడలేదు.

అపోహ: ప్రతి బండినీ పట్టుకోకపోతే లెక్క తప్పు.

అక్కర్లేదు. రెండు చోట్లా దొరికిన బండ్లు నూటికి కొన్నే అయినా, గంట గంటకూ సరిపడా ఉంటే చాలు. జాగ్రత్త పడాల్సింది వేరే చోట. ఒక బస్సులో ఐదారు బ్లూటూత్ పరికరాలుంటే ఐదారు బండ్లుగా లెక్కలోకి వస్తాయి. డాబా దగ్గర పడుకుని లేచిన డ్రైవర్‌కు నాలుగు గంటలు వస్తుంది. అందుకే సగటు తియ్యం, మధ్య విలువ, అంటే అంకెలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది, తీస్తాం. లారీలనూ కార్లనూ కలపం.

అపోహ: బ్లూటూత్ రీడర్ ఫోన్‌లోని వివరాలు లాగేస్తుంది.

అది చదివేది పరికరం చిరునామా, అంటే దాని గుర్తింపు నంబరు ఒక్కటే. దాన్ని కూడా కోడ్‌గా మార్చాకే దాచాలి. పైగా కొత్త ఫోన్లు ఆ చిరునామాను మార్చుకుంటూ ఉంటాయి కాబట్టి మాకు ఎక్కువగా దొరికేవి బండిలోని బ్లూటూత్ సెట్లే.

అపోహ: ఫాస్టాగ్ ఉందిగా!

మంచి ఆలోచనే. అమెరికా, మెక్సికో సరిహద్దున ఎల్ పాసో వంతెన దగ్గర లారీలకు అప్పటికే ఉన్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులనే (ఫాస్టాగ్ లాంటి రేడియో ట్యాగులు) చదివి సమయం కొలిచారు. మన దగ్గర 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. కానీ ఆ ట్యాగును చదివే రీడర్ టోల్‌గేట్ దగ్గర ఉంటుంది, క్యూ తోక దగ్గర కాదు. రెండు టోల్‌గేట్ల మధ్య పట్టిన సమయంలో డీజిల్, భోజనం, నిద్ర అన్నీ కలిసిపోతాయి.

అపోహ: బోర్డు మీద 40 నిమిషాలంటే నాకూ 40 నిమిషాలే.

పది గంటలకు బయటపడ్డ బండికి 40 నిమిషాలు పట్టిందంటే, అది 9:20కి క్యూలో చేరింది. పదింటికి చేరే మీకు ఎంత పడుతుందో ఆ అంకె చెప్పదు. అందుకే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాల మధ్య సరిహద్దు దారుల్లో రోడ్డులో తీగ చుట్టలు పాతి బండ్లను లెక్కిస్తారు. క్యూలో 120 బండ్లుండి, నిమిషానికి రెండు కదులుతుంటే గంట.

అపోహ: మిషన్ పెట్టాక మనుషులెందుకు?

మిషన్ నిజం చెబుతోందని తేల్చేది మనిషే. రెండు చివరలా ఇద్దరు, ఒకే టైమ్ పెట్టుకున్న వాచీలతో నంబర్ ప్లేట్లు రాస్తారు. చివరి నాలుగంకెలే రాస్తే ఒక బండికి ఇంకో బండితో జత కుదిరిపోతుంది, అక్షరాలు కూడా రాయాలి. ఏపీ 39 వచ్చాక కొత్త బండ్ల నంబర్లలో జిల్లాకో కోడ్ లేదు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ఆ రాత్రి తర్వాత మూడో మనిషిని కూడా పెడుతున్నాను. అతనికి రాసే పని లేదు. టార్చ్ పట్టుకుని తోకతో పాటు వెనక్కి నడుస్తూ, పది నిమిషాలకోసారి ఏ కిలోమీటరు రాయి దగ్గరున్నాడో ఫోన్ చేసి చెబుతాడు.