టిన్ను మాంసంతో పాస్తా: మా మెస్సులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ఫౌజులో 17 ఏళ్లు సిపాయిల వంటశాలలో, అంటే లంగర్‌లో గరిటె తిప్పాను. ఇప్పుడు బరంపురంలో చిన్న మెస్సు నడుపుతున్నాను. తినేవాళ్లలో సగం మంది పర్లాకిమిడి, గుణుపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి చదువుకోడానికి వచ్చిన మన పిల్లలు. మిగతా సగం ఒడియా కుర్రాళ్లు. వాళ్లు బాబాయ్ అంటారు, వీళ్లు మౌసా అంటారు. కేకలేసేది మాత్రం అందరూ ఒకేలా, ఎనిమిదింటికి ప్లేటు కనపడకపోతే.

వారంలో ఒక రాత్రి పాస్తా పెడతాను. కోడి కొట్టు దగ్గర క్యూలో నిలబడే ఓపిక లేని రోజున టిన్నులు తీస్తాను. ధర చూస్తే పచ్చి కోడి కన్నా టిన్ను ఖరీదే, అందులో దాపరికం లేదు. కానీ 340 గ్రాముల టిన్ను ఒకటి, 300 గ్రాముల పాస్తా కలిస్తే నలుగురికి కడుపు నిండుతుంది. పొయ్యి వెలిగించిన 25 నిమిషాల్లో వడ్డన మొదలు. అయితే టిన్ను మూత లేచే చప్పుడు వినగానే ఎవడో ఒకడు వంటింట్లోకి తల పెడతాడు. "ఇదేటి బాబాయ్, డబ్బాలో మాంసమా? ఎన్నాళ్లదో ఏటో!"

ఆ ప్రశ్నలకి జవాబులే ఇవి.

అపోహ: టిన్నులో మాంసాన్ని బాగా ఉడికించాలి, లేకపోతే అరగదు

అన్నిటికన్నా ఎక్కువ వంట పాడుచేసేది ఈ నమ్మకమే. నేనూ దీని బాధితుణ్నే. సర్వీసులో చేరిన కొత్తలో మాంసం టిన్నులు తెరిచి, ఇంట్లో అమ్మ మేకమాంసం వండినట్టే ఉల్లిపాయల్లో వేసి, మూత పెట్టి అరగంట ఉంచాను. మూత తీస్తే ముక్కన్నది లేదు. పీచు, నూనె, అడుగంటిన గుజ్జు. మా ఉస్తాద్ గరిటెతో ఒకసారి కెలికి, "వండేసినదాన్ని మళ్లీ వండావు" అని మాత్రం అన్నాడు. ఆ రోజు ఆయన తిట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది.

టిన్నులో జరిగేది ఇదీ. మాంసాన్ని డబ్బాలో నింపి, గాలి చొరకుండా మూత బిగించి, ఆ తరవాత డబ్బాతో సహా ఆవిరి ఒత్తిడిలో వండుతారు. వేడి సుమారు 121 డిగ్రీలు. మన ఇంటి ప్రెషర్ కుక్కర్ విజిల్ కొట్టేటప్పుడు లోపల ఉండేదీ దాదాపు అంతే. అంటే మీ చేతిలో ఉన్న టిన్ను ఒక చిన్న కుక్కర్ అనుకోండి. విజిళ్లన్నీ ఫ్యాక్టరీలోనే అయిపోయాయి, మనం మూత తీస్తున్నాం, అంతే.

కాబట్టి మన పని వండటం కాదు. వేడి చెయ్యడం, రుచి పట్టించడం. అది కూడా టిన్నులో ఏముందో చూసి చెయ్యాలి.

చికెన్ లంచన్ మీట్, అంటే రుబ్బి అచ్చు వేసిన మాంసం అయితే గట్టిగా, దిమ్మలా ఉంటుంది. అరంగుళం ముక్కలు కోసి, నూనె లేని బాండీలో నాలుగైదు నిమిషాలు వేయించండి. దాని కొవ్వు అదే వదులుతుంది. అంచులు ఎర్రబడి కరకరలాడగానే తీసి పక్కన పెట్టండి. ఆ కొవ్వులోనే ఉల్లి, వెల్లుల్లి, టమాటా. ముక్కలు మళ్లీ బాండీలోకి వచ్చేది చివర్లో, పాస్తాతో పాటే.

పీచులా విడిపోయే చికెన్, ట్యూనా చేప లాంటివైతే వేయించకూడదు. సాస్ అయిపోయి, పాస్తా కలిపి, పొయ్యి కట్టేశాక వేసి రెండుసార్లు తిప్పితే చాలు. ఆ వేడే సరిపోతుంది.

ఇక గ్రేవీతో వచ్చే మటన్ టిన్ను. తెరవగానే పైన జిగురు ముద్ద కనపడుతుంది. మా మెస్సులో సాయానికి వచ్చే ఆవిడ మొదటిసారి చూసి, "పాడైపోనాది అన్నయ్యా" అని చెత్తబుట్ట వైపు నడిచింది. చెయ్యి పట్టుకుని ఆపినంత పనైంది. ఎముక దగ్గరి పీచు కరిగి, చల్లారాక గడ్డకట్టిన జిగురు అది. మేక కాళ్ల సూప్ తెల్లారేసరికి గడ్డ కట్టదూ? అదే ఇది. టమాటా ఉడుకుతున్నప్పుడు వేస్తే కరిగిపోయి సాస్‌కి చిక్కదనం ఇస్తుంది. రుచంతా అందులోనే ఉంటుంది.

అపోహ: అన్నాళ్లు చెడకుండా ఉందంటే మందులు కలిపినట్టే

ఇందులో ముప్పాతిక తప్పు, పావు నిజం.

టిన్ను చెడకుండా ఉండటానికి కారణం మందు కాదు, ఇందాక చెప్పిన వేడి, బిగించిన మూత. లోపలున్న సూక్ష్మజీవులు ఆ వేడికి చస్తాయి, బయటివి లోపలికి పోలేవు. ఈ ఉపాయం కనిపెట్టింది నికొలా అపెర్ అనే ఫ్రెంచి వంటవాడు. మా జాతివాడే! సైన్యానికి పాడవని తిండి కావాలని ఫ్రాన్స్ ప్రభుత్వం బహుమతి ప్రకటిస్తే, ఏళ్ల తరబడి గాజు సీసాలతో కుస్తీ పట్టి, 1810లో 12,000 ఫ్రాంకులు అందుకున్నాడు. ఎందుకు చెడటం లేదో ఆయనకీ తెలీదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చేసరికి మరో యాభై ఏళ్లు గడిచాయి. అదే 1810లో ఇంగ్లండులో రేకు డబ్బాకి పేటెంట్ తీసుకున్నారు. ఓపెనర్ మాత్రం 1850ల దాకా లేదు. అందాకా సిపాయిలు ఉలీ సుత్తీ పట్టుకుని తెరుచుకునేవారు. మన కుర్రాళ్లు రింగు లాగడానికి బద్ధకిస్తారు.

పావు నిజం ఏంటంటే, లంచన్ మీట్ లాంటి గులాబీ రంగు మాంసంలో సోడియం నైట్రైట్ కలుపుతారు. ఆ రంగు దానిదే. పదార్థాల పట్టికలో 250 అన్న నంబరు ఉంటే అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఇలాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. అందుకే నేను వారానికి ఒక్కసారి మించి పెట్టను. అందులోనూ ఒక వారం లంచన్ మీట్ అయితే తరవాతి వారం ట్యూనా. ఉత్త ఉప్పునీళ్లలోనో నూనెలోనో వచ్చే చేపల టిన్నుల్లో మామూలుగా ఈ నైట్రైట్ గొడవ ఉండదు. పిల్లలకి రోజూ డబ్బాలో లంచన్ మీట్ పెట్టి పంపే తల్లులు దయచేసి ఆలోచించాలి.

అపోహ: పాస్తా నీళ్లలో నూనె వేస్తే అంటుకోదు

నూనె నీళ్ల మీద తేలుతుంది, పాస్తా అడుగున ఉడుకుతుంది. ఒకదానికొకటి కలిసేదెక్కడ? వార్చేటప్పుడు ఆ నూనె పాస్తాకి పూతలా పట్టుకుని, సాస్ జారిపోయేలా చేస్తుంది, అదొక్కటే దాని పని. అంటుకోకుండా ఉండాలంటే నీళ్లు ఎక్కువ పొయ్యాలి, 100 గ్రాములకి లీటరు. వేసిన మొదటి రెండు నిమిషాలు కలుపుతూ ఉండాలి.

వార్చాక చన్నీళ్ల కింద పట్టడం ఇంకో దురలవాటు. సలాడ్‌కైతే సరే. వేడి వేడి సాస్‌లో కలిపేదానికి పైనున్న పిండి జిగురంతా కడిగేస్తే, సాస్ దేన్ని పట్టుకుంటుంది?

అసలు ఆ వార్చిన నీళ్లు పారబోస్తేనే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. గంజి విలువ మనకి ఒకరు చెప్పాలా! ఇదీ గంజే. ఒక గ్లాసు తీసి పెట్టుకోండి. పాస్తాని ప్యాకెట్ మీద రాసిన టైముకి రెండు నిమిషాల ముందే, ఇంకా పలుకు ఉండగా దించి, సాస్‌లో వేసి, ఈ గంజి కొద్దికొద్దిగా పోస్తూ పెద్ద మంట మీద తిప్పండి. నూనె, టమాటా, గంజి ఒకటైపోయి పాస్తాకి అంటిపెట్టుకుంటాయి. క్రీము అక్కర్లేదు. చీజ్ ఉంటే సంతోషం, లేకపోతే కొత్తిమీర. ఇటలీవాళ్లు చూస్తే ఏమంటారో గానీ నేను రెండు పచ్చిమిరపకాయలు కూడా చీరి వేస్తాను.

అపోహ: పాస్తా అంటే ఉత్త మైదా

మంచి పాస్తా డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మాళవ ప్రాంతంలోనూ గుజరాత్‌లోనూ ఈ గోధుమ పండుతుంది. పాస్తాకి లేత పసుపు రంగు, ఉడికినా పోని పలుకు ఇచ్చేది ఇదే. చవక ప్యాకెట్లలో మైదా కలిసినవీ, మైదాతోనే చేసినవీ ఉన్న మాట నిజమే. వెనక పదార్థాల్లో మొదటి మాట చదవండి. చదవడానికి బద్ధకమైతే వండి చూడండి. మైదా పాస్తా నీళ్లని పాలలా చేసి, ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా ముద్దైపోతుంది.

అపోహ: టిన్నులో ఉప్పుంటుంది కాబట్టి పాస్తా నీళ్లలో ఉప్పు వెయ్యకూడదు

సగం సరైన ఆలోచనే. కానీ చప్పిడి పాస్తా మీద ఉప్పటి ముక్కలు పడితే ఒక ముద్ద చప్పగా, ఒక ముద్ద ఉప్పు కషాయంలా ఉంటుంది. మామూలుగా లీటరుకి 10 గ్రాముల ఉప్పు వేస్తారు. టిన్ను మాంసం ఉన్న రోజు నేను 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా వేస్తాను. సాస్‌లో అసలు వెయ్యను. చివర్లో రుచి చూసి చిటికెడు కావాలంటే అప్పుడు.

లెక్క మీరే కట్టుకోవచ్చు. లేబుల్ మీద సోడియం ఎంతో చూసి రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకి 1000 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే 340 గ్రాముల టిన్నులో ఎనిమిదిన్నర గ్రాముల ఉప్పు ఉన్నట్టు. నలుగురికి పంచితే తలా రెండు గ్రాముల పైనే. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బీపీ ఉన్న మా పక్కింటి మాస్టారు తినడానికొస్తే, కోసిన ముక్కల మీద మరిగే నీళ్లు పోసి నిమిషం ఉంచి వంపేస్తాను. కొంత ఉప్పు దిగుతుంది. ఆ రోజు అప్పడం మాత్రం అడక్కండి మాస్టారూ అంటే అలుగుతారు. బరంపురంలో ఉంటూ అప్పడం మానేవాడెవడు!

అపోహ: తేదీ దాటకపోతే ఏ టిన్నైనా మంచిదే, తెరిచినదైనా సరే

2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నేను సెలవు మీద ఇంట్లో ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో ఫ్రిజ్‌లున్న ఇళ్లన్నీ చేపలు, పాలు పారబోసుకుంటుంటే మా అటక మీది టిన్నులు ఆదుకున్నాయి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పర్లాకిమిడిలోని మా చుట్టాలకి కూడా పంపాను. మూత తెరవని టిన్నుకి ఫ్రిజ్ అక్కర్లేదు.

తెరిచిందంటే మాత్రం అది మామూలు వండిన కూరే. మిగిలితే గాజు సీసాలోకో స్టీలు గిన్నెలోకో మార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో తినెయ్యాలి. కరెంటు లేదా, ఆ పూటే అయిపోవాలి. ఫైలిన్ రోజుల్లో మా ఆవిడ సగం టిన్ను పొద్దుటికని దాచింది. పొద్దున్నే ఇద్దరం మాటామాటా అనుకుని చివరికి పారేశాం. ఖరీదైందని ఆవిడ బాధ. ఆస్పత్రి ఇంకా ఖరీదు అన్నాను.

ఇంకొకటి, ఇందులో బేరం లేదు. ఉబ్బిన టిన్ను, కారుతున్న టిన్ను, తెరవగానే బుస్సున చిమ్మిన టిన్ను తేదీతో పని లేకుండా పారెయ్యండి. ఎక్కడో చిల్లు పడో, వేడి సరిగా తగలకో లోపల సూక్ష్మజీవులు బతికాయని అర్థం. వాటిలో బొటులిజం అనే జబ్బు తెచ్చేది ఒకటుంది. గాలి లేని చోటే పెరుగుతుంది. దాని విషం నరాలను పట్టేస్తుంది. వాసన, రుచి మామూలుగానే ఉండొచ్చు కాబట్టి "కొంచెం నాకి చూద్దాం" అన్న మాటే వద్దు. నొక్కులు పడ్డ టిన్ను విషయంలో నొక్కు ఎక్కడుందో చూడాలి. పొట్ట మీద చిన్న సొట్ట అయితే వాడతాను. అంచు అతుకు మీద, మూత మడత మీద నొక్కు ఉంటే కొననే కొనను. తడికి తుప్పు పట్టి, తుడిచినా పోనిదీ అంతే.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చే టిన్నుల గురించి ఒక మాట. అవి చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపలున్నది కోడా, గొడ్డా, పందా అన్నది బొమ్మ చూసి కాదు, పదార్థాల వరస చదివి తెలుసుకోండి. మెస్సులో పదిమందికి పెట్టేవాడిగా నేను ఆ వరస చదవకుండా, తినేవాళ్లకి చెప్పకుండా ఏ టిన్నూ తెరవను. ఎవరి పట్టింపు వాళ్లది.

అపోహ: మిగిలిన పాస్తా పొద్దుటికి పనికిరాదు

పనికొస్తుంది, రాత్రే ఫ్రిజ్‌లో పెడితే. వండాక రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. మా సముద్రపు గాలికి, ఆ ఉక్కకి, ఇంకా ముందే పెట్టడం మేలు. పొద్దున బాండీలో రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి, పొగలొచ్చేదాకా వేడి చెయ్యండి. మా మెస్సులో అంతదాకా ఎప్పుడూ రాదు. పదిన్నరకి చదువు ముగించుకుని ఒకడొస్తాడు, "మౌసా, ఏమైనా మిగిలిందా?" అని.