సీటు వచ్చింది కదా, ఇంకేం కావాలి? పల్లె బడి కౌన్సెలర్ పనిపై అపోహలు - వాస్తవాలు

పల్లెటూరి బడిలో కౌన్సెలర్‌గా, అంటే పిల్లలకు పై చదువులకూ ఉద్యోగాలకూ దారి చూపే మనిషిగా, పని చేస్తున్నాను. తల్లిదండ్రుల నుంచి, ఒక్కోసారి తోటి టీచర్ల నుంచి కూడా పదే పదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటివల్ల చివరికి నష్టపోయేది పిల్లలే.

అపోహ: సీటు వస్తే కౌన్సెలర్ పని అయిపోయినట్టే.

వాస్తవం: నాకు అసలు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. సీటు వచ్చి, చేరతామని చెప్పి, తీరా కాలేజీ తెరిచే రోజుకు రాని పిల్లలు ఉంటారు. అమెరికాలో దీనికి 'సమ్మర్ మెల్ట్' అని పేరే ఉంది. సెలవుల్లో కరిగిపోవడం అన్నమాట. చదువు ఇష్టం లేక ఆగేవాళ్లు తక్కువ. హాస్టల్ గడువు ఎప్పుడో తెలియదు, ఒక సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ తప్పుగా ఉంటుంది, అడుగుదామంటే బడికి సెలవులు. ఇంట్లో కాలేజీకి వెళ్లే మొదటి మనిషి తనే అయితే, ఏం అడగాలో కూడా తెలియదు.

ఒక అబ్బాయి రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. ఇంటికి వెళ్తే ఫీజు కాగితం తెచ్చి చూపించాడు. మొదటి పేజీలో పెద్ద అంకె. అంత కట్టలేమని ఇంట్లో అప్పటికే అనుకున్నారు. పేజీ తిప్పితే, స్కాలర్‌షిప్ పోను కట్టాల్సింది అందులో చిన్న భాగమే. ఆ పేజీ ఎవరూ తిప్పలేదు! అప్పటి నుంచి సెలవుల్లో కూడా ఒక్కొక్కరికీ మెసేజ్ పెడుతున్నాను. 'ఏమైనా కావాలంటే చెప్పు' అంటే ఎవరూ చెప్పరు. 'కాలేజీ నుంచి వచ్చిన కాగితం, రెండు వైపులా ఫోటో తీసి పంపు' అంటే పంపుతారు.

అపోహ: ఒక టెస్టు పెట్టి, ఏ ఉద్యోగానికి పనికొస్తారో చెప్పేస్తారు.

వాస్తవం: 1908లో బోస్టన్‌లో వృత్తి సలహా కేంద్రం మొదలుపెట్టిన ఫ్రాంక్ పార్సన్స్ మూడు విషయాలు చెప్పాడు: నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, ఆ రెండింటినీ కలిపి ఆలోచించు. టెస్టు మొదటిదానికి కొంత సాయం చేస్తుంది, అంతే. పల్లెలో కష్టమంతా రెండోదానితోనే. పిల్లలు రోజూ చూసే ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

'నాకేమీ రాదు' అన్న ఒక అమ్మాయిని నిన్న ఏం చేశావని అడిగాను. నీళ్ల మోటారు ఆగిపోతే విప్పి, కాలిపోయిన కెపాసిటర్ మార్చిందట. ఆ పనికి డిప్లొమా కోర్సు ఉందని, జీతమిస్తూ నేర్పే అప్రెంటిస్‌షిప్పులు కూడా ఉన్నాయని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అపోహ: చిన్న బడి, పిల్లలు తక్కువ. కౌన్సెలర్‌కు పనేముంటుంది?

వాస్తవం: 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సిఫార్సు. కానీ పల్లెల్లో బడి చిన్నదైనా, ఒకే మనిషి రెండు మూడు బళ్లు తిరగాల్సి వస్తుంది. దారిలోనే సగం రోజు పోతుంది.

అపోహ: కౌన్సెలర్ మాట వింటే పిల్లలు ఊరు వదిలేస్తారు.

వాస్తవం: ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. బిడ్డ దూరమవుతుందన్న బాధ నిజమైనది. అందుకే తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టే మాట్లాడతాను. నర్సింగ్, పశువైద్యం, టీచర్ శిక్షణ లాంటివి చదివి సొంత ఊరికే తిరిగి వచ్చే దారులూ, ఇంటి దగ్గరే ఉండి చదివే దారులూ వాళ్ల ముందు పెడతాను. ఒక తండ్రి అంతా విని అడిగింది ఒకటే: 'వారానికోసారి ఇంటికి రావడానికి బస్సుందా?' ఆ రోజు ముగ్గురం కలిసి బస్సు టైములు వెతికాం.