నదిలోంచి వేడి తోడిన టౌన్ హాల్

"నది నీళ్లే 5 డిగ్రీలుంటే, వాటితో గదిని ఎలా వెచ్చబెడతారు సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. స్కూళ్లు, ఆసుపత్రులు, కౌన్సిల్ ఆఫీసుల్లో నీళ్లు కాచి గదులను వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ల వాడకం తగ్గించి, బయటి వేడిని లోపలికి తోడే హీట్ పంపుల్లాంటివి పెట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం 2020లో 100 కోట్ల పౌండ్లతో మొదలుపెట్టిన పథకం గురించి మాట్లాడుకుంటుంటే వచ్చిన ప్రశ్న ఇది. దీనికి చక్కటి జవాబు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ నగరంలో ఉంది.

అక్కడి పాత టౌన్ హాల్ పేరు రాట్‌హౌస్. 1698లో పూర్తయిన ఆ భవనం లిమ్మట్ నదిలోకే చొచ్చుకుని నిలబడి ఉంటుంది. 1938లో అక్కడి పొయ్యిలు తీసేసి ఎషర్ వీస్ కంపెనీ వాళ్ల హీట్ పంపు పెట్టారు. స్విట్జర్లాండ్‌కు చెప్పుకోదగ్గ బొగ్గు లేదు, జలవిద్యుత్తు మాత్రం దండిగా ఉంది. ఆ 100 కిలోవాట్ల యంత్రం నదిలోని వేడిని లాగి 60 డిగ్రీల నీళ్లు ఇచ్చేది. 2001లో కొత్తది వచ్చేదాకా, అంటే 63 ఏళ్లు, అదే పనిచేసింది!

ఇప్పుడు అసలు కిటుకు. చలి అనేది ఒక వస్తువు కాదు. వేడి బొత్తిగా లేని స్థితిని సున్నాగా పెట్టుకుని కొలిచే కెల్విన్లలో చూస్తే, 5 డిగ్రీల నీళ్లంటే 278 కెల్విన్లు. వాటిలో బోలెడంత వేడి ఉంది. కాకపోతే తనంతట తాను వెచ్చటి గదిలోకి రాదు. దాన్ని రప్పించాలంటే నది కన్నా చల్లటిది ఒకటి చూపించాలి. ఆ యంత్రంలో వాడిన ఆర్-12 అనే ద్రవం మామూలు వాయు పీడనంలో మైనస్ 30 డిగ్రీలకే మరిగిపోతుంది. పీడనాన్ని సుమారు 3 రెట్లు చేస్తే 0 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే 5 డిగ్రీల నది దానికి పొయ్యి మీద మంటే! నది వేడిని తాగి అది ఆవిరవుతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ మామూలు వాయు పీడనానికి 15 రెట్లకు పైగా నొక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే చుర్రుమంటుంది చూడండి, అలాగే ఆవిరి వేడెక్కుతుంది. ఆ పీడనంలో 60 డిగ్రీలు దాటినా అది మళ్లీ ద్రవంగా మారగలదు. మారేటప్పుడు నదిలో తాగిన వేడినంతా రేడియేటర్ల (గదుల్లో వేడినీళ్లు తిరుగుతూ గాలిని వెచ్చబెట్టే ఇనప పలకల) నీళ్లకు కక్కేస్తుంది. తర్వాత ఒక సన్నటి దారిలోంచి దూరి, పీడనం తగ్గి, చల్లబడి మళ్లీ నది దగ్గరికొస్తుంది. మన ఇంట్లో ఏసీ చేసేదీ ఇదే. కాకపోతే మనం వేడిని బయటికి తోస్తాం.

ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి వస్తుందంటే, వాట్సాప్‌లో తిరిగే "అయస్కాంతాలతో ఉచిత కరెంటు" వీడియోలను నమ్మేవాళ్లు ఇదీ అలాంటిదే అనుకుంటారు. కాదు. ఇక్కడ శక్తి ఎక్కడా పుట్టడం లేదు. 100 కిలోవాట్లలో 65 నది నుంచి, మిగతా 35 కరెంటు నుంచి వచ్చాయనుకుందాం. ఆ 65 కోసం సెకనుకు 8 లీటర్ల నీటిని 2 డిగ్రీలు చల్లబరిస్తే చాలు. శక్తి నిత్యత్వం గురించి చెప్పేటప్పుడు లోలకంతో పాటు ఈ లెక్క కూడా చేయిస్తే పిల్లలకు ఆ సూత్రం ఎప్పటికీ గుర్తుంటుందని నా గట్టి నమ్మకం.

పాత ప్రభుత్వ భవనాల్లో చిక్కంతా రేడియేటర్ల దగ్గరే వస్తుంది. బాయిలర్ ఇచ్చే 80 డిగ్రీల నీళ్లకు తగ్గట్టు వాటిని చిన్నవిగా పెట్టారు. వేడి యంత్రాల ఫలితానికి హద్దు చెప్పే కార్నో సూత్రం ప్రకారం, ఒక యూనిట్ కరెంటుకు గరిష్ఠంగా రాగల వేడి అంటే, వేడి వైపు కెల్విన్లను రెండు వైపుల తేడాతో భాగించడం. 5 డిగ్రీల నది నుంచి 80కి ఎక్కించాలంటే 353ని 75తో భాగించాలి, 4.7. అదే 45 డిగ్రీలు చాలనుకుంటే 318ని 40తో, దాదాపు 8. నిజం యంత్రానికి ఇందులో సుమారు సగం దక్కుతుంది. అంటే యంత్రం అదే, నది అదే. రేడియేటర్ నీటి వేడి తగ్గిస్తే చాలు, కరెంటు బిల్లు దాదాపు 40 శాతం తగ్గుతుంది. కానీ అంత తక్కువ వేడి నీళ్లతోనే గది వెచ్చగా ఉండాలంటే బయటికి జారే వేడి తగ్గాలి. అందుకే పంపు కొనేముందు కిటికీల సందులు మూయాలి, గోడలకు, పైకప్పుకు వేడి జారకుండా పొర వేయాలి.

తక్కువ వేడి నీళ్లు ఒక భవనానికి సరిపోతాయో లేదో తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. గడ్డకట్టే చలివారంలో, ఇప్పటికే ఉన్న బాయిలర్‌నే 55 డిగ్రీలకు తగ్గించి, గదిగదికీ థర్మామీటర్ పెట్టి చూడాలి. అన్నీ వెచ్చగానే ఉంటే హీట్ పంపుకు ఆ భవనం సిద్ధమే. ఏ గదులు చల్లబడ్డాయో అక్కడ మాత్రం పెద్ద రేడియేటర్లు బిగించాలి.